గడ్డి ఎండగానే

"జనవరిలో మళ్ళీ రై విత్తనమా!" హాలిస్ గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి నవ్వాడు. "పెద్దాయనా, నీ లాన్‌లో రాత్రిపూట గొర్రెలుగాని మేసి పోతున్నాయా ఏంటి?"

డెల్మర్ నవ్వలేదు. "కిటికీ ఎదురుగా పలచబడింది. చలికి తట్టుకునే రకం ఇవ్వు."

అమెరికాలోని దక్షిణ జార్జియాలో చలికాలం పేరుకే. అయినా నవంబరు చివర్లో నాలుగు పొద్దులు మంచు పడితే చాలు, బెర్ముడా గడ్డి గోధుమరంగుకి తిరిగిపోతుంది. చావదు, నిద్రపోతుంది. వసంతం దాకా దాని మానాన దాన్ని వదిలేయడమే లాభం. చలికాలంలోనూ పచ్చగా కనబడాలన్న సరదా ఉన్నవాళ్ళు అక్టోబరులో దాని మీద రై గడ్డి విత్తనం చల్లుతారు. రై పచ్చగా నిలుస్తుంది. ఊరికే నిలవదు. కింద నిద్రపోయే గడ్డి వాటా తిని నిలుస్తుంది. వసంతంలో చూసుకుంటే అసలు గడ్డి సగం మిగలదు. వడ్డీకి ఆశపడి అసలు పోగొట్టుకునే బేరం.

హాలిస్ ఆ మాటే చెప్పాడు. అమ్ముకునేవాడే అయినా, కొనేవాడు నష్టపోతుంటే చూస్తూ ఊరుకునే రకం కాదు.

"తెలుసు," అన్నాడు డెల్మర్. "ఈ చలికాలం గట్టెక్కితే చాలు."

డెల్మర్ సొంత ఊళ్ళోనే విత్తనాల కొట్టుంది. అయినా పక్క కౌంటీ దాకా వచ్చి ఇక్కడే కొంటాడు. తన సరుకు నాణ్యత అలాంటిదని హాలిస్ నమ్మకం.

ఇంట్లో డెల్మర్ భార్య ఐడెల్లా కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పీకాన్ కాయలు ఒలుస్తోంది. ఆమెకు మతిమరుపు జబ్బు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. నెలలూ వారాలూ ఎప్పుడో చేజారాయి. గోడ మీద క్యాలెండర్ ఉండాల్సిన చోట ఇప్పుడు మేకు ఒక్కటే ఉంది. పాత సంగతులు మాత్రం చెక్కు చెదరలేదు.

కూతురు రీబాది సముద్రపు ఒడ్డు ఊళ్ళలో లాన్లు కోసే పని. గడ్డి పెరిగినన్నాళ్ళూ ఊపిరాడదు. గడ్డి ఎండితే యంత్రానికి సెలవు, మనిషికీ సెలవు. "గడ్డి ఎండగానే వచ్చేస్తానమ్మా" అనేది ఏటా. అన్నట్టే వచ్చేది.

"ఏమయ్యా, గడ్డి ఎండిందా?"

"లేదు. పచ్చగానే ఉంది."

"అయితే దానికింకా పని తెమల్లేదు. పిచ్చిపిల్ల, టోపీ పెట్టుకోమంటే పెట్టుకోదు."

కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ అదే జవాబు.

కిటికీలోంచి ఆమెకు కనిపించేవి పైన్ చెట్లు, ఒక మాగ్నోలియా, గడ్డి. చెట్లు ఏడాది పొడుగునా ఒకేలా ఉంటాయి. రంగు మారేది గడ్డి ఒక్కటే. డెల్మర్‌కు ఆమెతో అబద్ధమాడటం చేతకాదు. అందుకే మాట నిజమయ్యేలా గడ్డినే కాపాడుకున్నాడు. మంచు పట్టిన పొద్దుల్లో ఎండ తగలకముందే గొట్టంతో నీళ్ళు చిమ్మి కడిగేవాడు. మంచు మీద అడుగుపడితే గడ్డి నల్లబడుతుందని పోస్ట్‌మన్‌ని చుట్టూ తిప్పి పంపేవాడు. సాయంత్రం తడిపితే తెగులు పడుతుందని ఒక్క చుక్క పోసేవాడు కాదు.

ఆ జాగ్రత్తలేవీ వాన లెక్కచెయ్యలేదు. నెలాఖరులో వెచ్చటి ముసురు పట్టి వదల్లేదు. కిటికీ ఎదురుగా గడ్డి కుళ్ళి పళ్ళెమంత మచ్చ లేచింది. మర్నాటికి చాపంతయింది. డెల్మర్ కిటికీ తెర దించేసి ఫోన్ అందుకున్నాడు.

"హాలిస్, నీ కొట్టు ముందు పెంచావే, ఆ పచ్చికే మట్టితో సహా కోసి పట్రా. ఇవాళే."

హాలిస్ ట్రక్కులో తెచ్చాడు. డెల్మర్ బయట కుళ్ళిన మట్టి తీస్తుంటే, మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళాడు.

"కూర్చో బాబూ," అంది ఐడెల్లా. "మా అమ్మాయి వచ్చాక రా, పీకాన్ పప్పుతో తీపి రొట్టె చేసి పెడతాను. గడ్డి ఎండగానే వస్తుంది. ఈ ఏడు ఎంతకీ ఎండదే! మా ఆయన్నడిగితే పచ్చగానే ఉందంటాడు."

హాలిస్ గ్లాసు కింద పెట్టాడు. ఇన్నాళ్ళ విత్తనాల లెక్క ఇప్పుడు తేలింది. తండ్రికీ కూతురికీ పడక, పిల్లను ఇంటికి రానివ్వడం లేదన్నమాట. మతిలేని మనిషిని తూకంలో మోసం చేస్తున్నాడన్నమాట. మొన్న క్రిస్మస్‌కి తన కూతురు రాలేదని భార్య ఎంత ఏడ్చిందో అతనికి గుర్తొచ్చింది.

"అమ్మా, చలికాలం వచ్చి రెండు నెలలైంది," అన్నాడు. వీధి తలుపు తెరిచాడు. రోడ్డుకవతల ఇళ్ళ ముందు గడ్డంతా ఎండి, వరికుప్ప రంగులో ఉంది. "చూడండి. మీ కిటికీ ముందు పచ్చగా ఉన్నది మీ ఆయన నా దగ్గర కొన్న విత్తనం."

ఐడెల్లా గుమ్మం పట్టుకుని చాలాసేపు చూసింది. ముఖం వెలిగిపోయింది. "అయితే వచ్చేస్తుంది! పొయ్యి వెలిగించాలి..." అంతలోనే ఆగింది. "రెండు నెలలా? రెండు నెలలైతే ఇంకా రాలేదేం?"

డెల్మర్ పచ్చిక ముక్క రెండు చేతులా పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"చెప్పు పెద్దాయనా," అన్నాడు హాలిస్. "తల్లీకూతుళ్ళ మధ్య గడ్డి పెంచి ఏం బావుకుందామని?"

డెల్మర్ పచ్చిక ముక్కను మెట్టు మీద దించాడు.

"ఏమయ్యా," ఐడెల్లా డెల్మర్ వైపు తిరిగింది. "నా బిడ్డ ఏదీ?"

డెల్మర్ టోపీ తీసి, మట్టిచేతులు చొక్కాకు తుడుచుకుని, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, జులైలో రీబాను పూడ్చిపెట్టి వచ్చాక ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ప్రతిసారీ మొదటిసారే అయిన ఆ కబురును మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.