దడ్‌కీ దడ్‌కీ మధ్య

పైనుంచి మళ్లీ దడ్‌మంది.

పియానో మీట మీద వేలు అలాగే ఉంచి డార్లా కళ్లు మూసుకుంది. పన్నెండు సెకన్లు ఊపిరి బిగబట్టి రికార్డు చేసిన స్వరం కాస్తా పాడైపోయింది.

ఆ పియానో వాళ్లది కాదు. కెనడాలోని విన్నిపెగ్‌లో ఈ అద్దె ఇంటికి వచ్చేసరికే గోడకి ఆనుకుని ఉంది. సోమవారం ఇంటాయన దాన్ని పట్టుకుపోతాడు. పోతే పోనీ అనుకోవడానికి లేదు. పదకొండు నెలల ఓటిస్ ఆ పియానో మీద జోల వాయిస్తే తప్ప కన్ను మూయడు. పాటని ఫోన్లో పట్టి వినిపిస్తే ఫోను విసిరేశాడు. వాడి రెప్పలు వాలేకొద్దీ పాట నెమ్మదించాలి మరి. ఫోనుకి ఆ తెలివి లేదు. నిద్ర లేకపోతే పిల్లాడు ఏమైపోతాడోనని డార్లాకి ఇప్పటినుంచే గుండె గాభరా.

అందుకని పియానో గొంతునే దాచుకోవాలనుకుంది. ఎవరెవరో కలిసి రాసి, ఊరికే పంచిపెట్టిన సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. ఎనభై ఎనిమిది మీటలూ ఒక్కొక్కటి మెల్లగా, ఓ మోస్తరుగా, గట్టిగా నొక్కి రికార్డు చేసి అందులో వరసగా పేర్చితే చాలు. ఇక కంప్యూటరుకి తగిలించిన ప్లాస్టిక్ మీటల కీబోర్డు నొక్కినా ఈ పియానోయే పలుకుతుంది. అది వాడేవాళ్ల ఫోరంలో ‘తాబేలు’ అనే పేరుతో ఉన్న ఒకాయన ఓపిగ్గా అన్నీ నేర్పాడు. అక్కడ డార్లా పేరు ‘ఓటిస్ అమ్మ’.

ఫ్రిజ్ ఆపింది. గడియారాన్ని దిండు కింద పెట్టింది. మొగుడు విక్‌కి ఉన్ని మేజోళ్లు తొడిగింది. ఈ దడ్ ఒక్కటే చేతిలో లేదు.

“పైవాడు బరువులెత్తి పడేస్తున్నట్టున్నాడే,” అన్నాడు విక్.

“వెళ్లి ఆపమని చెప్పొచ్చుగా?”

“వాడి జబ్బలు చూశావా? ఒక్కోటి నా తొడంత. నువ్వెళ్లు. ఆడమనిషివి, కొట్టడు.”

“అబ్బో, మొగుడంటే నువ్వేనయ్యా!”

ఇద్దరూ వెళ్లలేదు. డార్లా ఈ మోత సంగతి తాబేలుకి రాసింది.

“మధ్యాహ్నం రెండింటికి చేయండి ఓటిస్ అమ్మగారూ. అందరూ పనులకి పోయుంటారు. నేనూ నా పని అప్పుడే చేసుకుంటా.”

రెండింటికి కూర్చుంది. దడ్.

మళ్లీ రాస్తే జవాబొచ్చింది. “అయితే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి. ఈగ కూడా లేవదు. అప్పటికీ ఆ మోత వచ్చిందా, దాంతో పోట్లాడకండి. అది ఆగీ ఆగగానే మీట నొక్కండి. మళ్లీ దడ్ అనేలోపు మీ స్వరం అయిపోతుంది.”

ఆదివారం ఓటిస్‌కి టోపీ మీద టోపీ పెట్టి, తోపుడు బండిలో విక్‌తో బయటికి పంపింది.

“ముక్కు ఎర్రబడితే వెంటనే తెచ్చెయ్.”

“వీడికి ముక్కెక్కడ కనబడుతోందే, ఎర్రబడిందో లేదో చూడ్డానికి?”

ఎనిమిదింటికి మొదటి మీట నొక్కబోయింది. దడ్.

ఏడుపొచ్చింది. అయినా దిగమింగుకుని, ఆ మోత ఆగగానే నొక్కింది. పన్నెండు సెకన్లు. స్వరం శుభ్రంగా వచ్చింది. దడ్. మీట. దడ్. మీట. గంటన్నర పాటు, ఒకే రోట్లో ఇద్దరు దంచినట్టు, ఒక్క పోటు కూడా తప్పలేదు.

సోమవారం పియానో వెళ్లిపోయింది. ఓటిస్ ఖాళీ గోడని చూసి పెదవి విరిచాడు. డార్లా ప్లాస్టిక్ కీబోర్డు నొక్కింది. పియానో పలికింది. ఓటిస్ ఆవులించాడు. వాడి రెప్పలతో పాటే పాటా వాలింది. నిద్రపోయాడు. ఊపిరి ఆడుతోందో లేదోనని మూడుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

వెంటనే తాబేలుకి రాసింది. “మీరు చల్లగా ఉండాలి. నాతో ఏ పనున్నా మొహమాటపడకండి.”

నిమిషంలో జవాబొచ్చింది.

“అయితే ఒక్క ఉపాయం చెప్పండి ఓటిస్ అమ్మగారూ, ఆదివారం పొద్దున గంటన్నర కూర్చుని మా పెద్ద డ్రమ్ముని ఒక్కో దెబ్బా రికార్డు చేసుకుంటే, దెబ్బ ఆగడం ఆలస్యం, కింది ఇంట్లో ఎవరో మహాతల్లి కాచుక్కూర్చున్నట్టు పియానో మీట నొక్కింది, దాన్నెలా చెరపాలండీ?”