కాగితమే గదా

గల్ఫ్ దేశంలో, ఖైతాన్‌లో అద్దెకున్న గదిలోకి వస్తూనే ఓబులేసు చెప్పులు మూలకు విసిరాడు. డ్రైవింగ్ పరీక్ష తప్పాడు.

“ఇరవై ఏండ్లు కొండల్లో, ఎడారుల్లో మిలిటరీ లారీ తోలినోణ్ణి. నా లైసెన్సు ఈడ చెల్లదంట. నెలలో తెచ్చుకోకుంటే ఉద్యోగం ఖలాస్ అన్నాడు వీసా ఇచ్చిన కఫీలు.”

అతని భార్య అరుణజ్యోతి నర్సు. యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ, “పరీక్షలో ఏం తప్పు చేసినావు?” అని అడిగింది.

ఓబులేసు గొంతు తగ్గింది. “పక్కన పోలీసాఫీసరు వచ్చి కూర్చున్నాడు. అలవాటు కొద్దీ స్టీరింగు వదిలేసి సెల్యూట్ కొట్టినా.”

ఆమె నవ్వలేదు. బీరువాలోంచి లావుపాటి ఫైలు తీసి అతని ఒళ్లో పెట్టింది. అతని బదిలీల వెంట తిరుగుతూ, ఏ రాష్ట్రానికి పోతే ఆ రాష్ట్రంలో నర్సు రిజిస్ట్రేషన్ కోసం ఆమె మొదటినుంచీ పెట్టుకున్న దరఖాస్తులన్నీ అందులో ఉన్నాయి.

“ఇది చూసి నీ కాగితాలు వరసగా పెట్టుకో. ఫోటోలు ఎనిమిది కావాల. కాగితమే గదా, ఈ పొద్దు కాకుంటే రేపొస్తాది.”

ఆ మాట ఎవరిదో ఓబులేసుకు గుర్తొచ్చింది. పోయిన ప్రతి ఊళ్లోనూ అన్నది తనే.

“నీకు ఎన్నాళ్లకొచ్చేది జ్యోతీ?” అన్నాడు మెల్లగా.

“జమ్మూది జోధ్‌పూర్‌లో ఉన్నప్పుడొచ్చింది. జోధ్‌పూర్‌ది పుణెలో ఉన్నప్పుడొచ్చింది. పుణెది బరేలీకొచ్చింది.” ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. “బరేలీది పోయిన నెల ఈడికొచ్చింది.”