రెండంగుళాల ఎత్తు

జ్వరంతో పోయిన నా కొడుకు జీపును మెకానిక్ దగ్గరికి తోలించాను. బండి కింది కమాను పట్టీలను పట్టి ఉంచే షాకిల్స్ అనే ఇనప బద్దలు పొడుగువి వేయించి బండిని రెండంగుళాలు లేపుకుంటానని వాడు ఎంతో బతిమాలాడు. బోల్తా పడి చస్తావురా అని తిట్టాను. ఆ తిట్టు వెనక్కి తీసుకుందామనే ఇప్పుడు తోలించాను.

"వాడు అడిగినవి ఇప్పుడు వెయ్యి నాయనా," అన్నాను.

మెకానిక్ బండి కిందికి దూరి ఎంతకీ బయటికి రాలేదు.

"ఏరా, అక్కడే కాపురం పెట్టావా?"

"తిట్టనంటే ఒక మాట చెప్తా పిన్నీ."

"ముందు చెప్పు, తర్వాత తిడతా."

"ఉన్నవి పొడుగువే. నిరుడే నాతో వేయించుకున్నాడు. నీ దగ్గర నోరు విప్పితే నా స్పానర్లన్నీ బావిలో పారేస్తానన్నాడు."

నిరుటి నుంచే జీపెక్కడానికి నా కాలు అందడం లేదు. "వయసు మీద పడిందమ్మా, మోకాళ్లు అరిగాయి" అని జాలిపడి, వాడే నాకొక పీట చేయించాడు. నేను రోజూ మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాను.

"దొంగ వెధవ," అన్నాను. వాడు పోయాక వాడిని నోరారా తిట్టడం అదే మొదలు.

పీట వేసుకోకుండానే జీపెక్కి కూర్చున్నాను.