తాగని మనిషి ఎక్స్‌రే

రొట్టెల పళ్లెం బాలస్వామి ముందుకొచ్చి, ఆగకుండా పక్కాయన చేతిలోకి వెళ్లిపోయింది.

చర్చిలో అందరూ చూశారు. కూతురు లవీనా కూడా చూసింది. తండ్రి చాచిన చెయ్యి ఇంకా అలాగే ఉంది.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు గుమ్మంలో ఆపారు.

“కడుపునొప్పంటావు. ఒళ్లు చూస్తే పుల్లయిపోయింది. తాగుడు కాకపోతే ఏంటయ్యా? ఒప్పుకోలు రాసివ్వు, మళ్లీ ప్రభువు బల్లకి రానిస్తాం, రొట్టె ఇస్తాం.”

“నేను చుక్క ముట్టలేదండి.”

“సునామీకి ఇల్లు పోయాక రెండేళ్లు రేకుల షెల్టర్లో ఉన్నావు. అక్కడ తాగనోడెవడు?”

“మా నాన్న!” అంది లవీనా.

ఆ పిల్ల గొంతు చర్చిలో వినపడడం అదే మొదటిసారి.

మర్నాడు దీవిలోని పెద్దాసుపత్రిలో బాలస్వామికి ఎక్స్‌రే తీశారు. కడుపు వెనక క్లోమం నిండా తెల్లటి రాళ్లు.

డాక్టరు తలెత్తకుండానే హిందీలో అడిగాడు. “కిత్నే సాల్ సే పీతే హో?”

ఎన్నేళ్లుగా తాగుతున్నావని. ఇక్కడా తాగుడే!

బయట బెంచీ మీద ఎముకల గూడులాంటి మనిషొకడు చెయ్యి చాచాడు. “ఫిల్మ్ ఇలా తే, అమ్మీ. మాయాబందర్ జోగులంటారు నన్ను.”

లవీనా తల్లి పుష్పవతి కస్సుమంది. “నువ్వేం డాక్టరువా, కంపౌండరువా?”

“రోగిని, చెల్లెమ్మా. అంతకంటే పెద్ద చదువేముంది?”

ఫిల్మ్‌ని కిటికీ వెలుగులో పెట్టాడు.

“తాగినోళ్లకి ఇసక రవ్వల్లా ఉంటాయి. ఇవి చూడు, గోళీలు! తాగనోళ్లకొచ్చే రకం వేరే ఉంది. అరుదు. నాదీ అదే. స్కానింగు రాయమను. రాసేదాకా లేవకు.”

“డాక్టరుగారికే చెప్పాలా?” అంది లవీనా.

“ఏం, భయమా? నేను భయపడ్డాను. నువ్వు పడకు.”

లవీనా లోపలికెళ్లి డాక్టరు ఎదుట కుర్చీలో కూర్చుంది.

“స్కాన్ లిఖియే.”

“బాహర్ జావ్!”

“నహీ జావూంగీ.”

వెనక క్యూ గోల పెట్టింది. లవీనా కదల్లేదు. డాక్టరు విసుక్కుంటూ రాశాడు.

స్కానులో పెద్ద పెద్ద రాళ్లు, ఉబ్బిపోయిన నాళం. అన్ని పరీక్షలూ చూసిన పెద్ద డాక్టరమ్మ, ఇది తాగుడు వల్ల వచ్చింది కాదని రాసిచ్చి, మందులు మొదలుపెట్టింది.

లవీనా ఆ కాగితంతో బెంచీ దగ్గరికి పరుగెత్తింది. బెంచీ ఖాళీ.

“మాయాబందర్ భయ్యానా? సోమవారం పోయాడమ్మా,” అంది ఆయా. “శవానికి కూడా ఎవరూ రాలేదు.”

మళ్లీ బల్ల ఇచ్చే ఆదివారం వచ్చింది. పళ్లెం కదలకముందే లవీనా లేచి, నడిచి వెళ్లి, రిపోర్టు పాస్టరుగారి చేతికిచ్చింది.

“చదవండి. అందరికీ వినపడేలా చదవండి.”

ఆయన చదివారు. చివరికొచ్చేసరికి గొంతు తగ్గిపోయింది.

“ఈ స్కాను తీయించుకోమని ఎవరు చెప్పారమ్మా?”

“ఆసుపత్రి బెంచీ మీదాయన. మాయాబందర్ జోగులుగారు. పోయారు పాపం.”

పాస్టరుగారు బల్ల అంచు పట్టుకున్నారు.

“మా అన్నయ్య,” అన్నారు. “మాయాబందర్ చర్చిలో, తాగుబోతని ఆయన్ని బల్లకి దూరం పెట్టింది నేనే.”