పికప్ లాగట్లేదు

ఊరి చివర మిరప కల్లాలు దాటగానే పికప్ దగ్గింది. డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ లైటు వెలిగింది. ఫ్యూయల్ ప్రెషర్ తక్కువ అని చూపిస్తోంది.

లక్ష్మీనారాయణ యాక్సిలరేటర్ అదిమి తొక్కాడు. ఇంజన్ మూలిగిందే గాని బండి లాగలేదు.

"నిన్ననేగా ట్యాంకు నింపించావు?" పక్కనున్న భార్య హనుమాయమ్మ అడిగింది.

"నింపించా."

"మరి ఆ లైటేంది?"

"అది తెలిస్తే నేనే మెకానిక్కునయ్యేవాణ్ణి గదే!"

మూడింటిలోగా బొల్లాపల్లిలో ఎన్నికల అధికారి ముందు హనుమాయమ్మ సంతకం పెట్టాలి. ఈసారి ఊరి సర్పంచి సీటు ఆడవాళ్లకొచ్చింది. మూడు దాటితే సంతకం చెల్లదు. పెద్దమనుషులందరి ముందూ మాటిచ్చిన లక్ష్మీనారాయణ ఇక తలెత్తుకు తిరగలేడు.

పికప్ కూడా హనుమాయమ్మ పేరు మీదే ఉంది. గేదెల పాలమ్మి కొన్నది. స్టీరింగు మాత్రం ఎప్పుడూ ఆయన చేతిలోనే.

అదృష్టం కొద్దీ మెకానిక్ అబ్దుల్ జబ్బార్ షెడ్డు అక్కడే. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. లక్ష్మీనారాయణ వేసుకున్న ఇస్త్రీ చొక్కా కేసి చూశాడు.

"ఏం బాబాయ్, పెళ్లికొడుకులా తయారయ్యావ్? సంతకం పెట్టేది పిన్నా, నువ్వా?"

"ఒరేయ్, నీ ఎకసెక్కాలు తర్వాత. ముందు బండి చూడు."

"అయితే ట్యాంకు పైపుల నుంచి మొదలెడదాం" అంటూ జబ్బార్ కిందకి దూరబోయాడు.

"ముందు ఫిల్టరు చూడు నాయనా" అంది హనుమాయమ్మ. "దాన్ని మార్చి ఎన్నాళ్లయిందో. నీళ్లు చేరాయేమో."

సబబుగానే ఉంది. జబ్బార్ ఫిల్టరు కింద మర విప్పి చూశాడు. చుక్క నీళ్లు లేవు.

"పోనీ కొత్తది వేసెయ్. అనుమానం ఎందుకు?" అంది ఆమె.

కొత్తది షెడ్డులో లేదు. జబ్బార్ బైకు మీద లక్ష్మీనారాయణే స్పేర్‌పార్ట్స్ కొట్టుకి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి చొక్కా నిండా దుమ్ము. హనుమాయమ్మ షెడ్డు నీడలో కూర్చుని టీ తాగుతోంది. జబ్బార్ కూతురు నజీమా ఇంటర్లో ఏ గ్రూపు తీసుకుందో కనుక్కుంటోంది.

"నీకు కాస్తయినా కంగారు లేదేంటే?"

"ఇద్దరం కంగారు పడితే బండి బాగవుద్దా?"

కొత్త ఫిల్టరు వేశారు. డీజిల్ పైపులో చేరిన గాలి తీశారు. ఇంజన్ చక్కగా అందుకుంది. లక్ష్మీనారాయణ మొహం వెలిగింది. అంతలో డ్యాష్‌బోర్డు మీద లైటు కూడా వెలిగింది.

"ఆటో ఎక్కి పోదాం పదవే!"

"ఆటోనా? అంతమంది ముందు ఆటోలోంచి దిగుతావా, ఇంత బండి పెట్టుకుని? నాకేం పర్లేదు. నీ పరువు గురించే నా బాధంతా."

లక్ష్మీనారాయణ ఆలోచనలో పడ్డాడు. చొక్కా దులుపుకున్నాడు.

"పోనీ బైకు మీద?"

"ఆ గుంటల్లో నన్ను పడేశావంటే ఆసుపత్రికి పోవాలి. సంతకం నువ్వు పెడతావా?"

జేబులో ఫోన్ మోగింది. బొల్లాపల్లిలో ఎదురుచూస్తున్నవాళ్లు. "వస్తన్నాం, దారిలోనే ఉన్నాం. నా మాటంటే మాటే" అని లక్ష్మీనారాయణ గొంతు పెంచాడు.

ఈసారి జబ్బార్ ఎవరి మాటా వినకుండా బండి కిందకి దూరాడు. టార్చి వేసి ట్యాంకు నుంచి వచ్చే పైపును వేలితో తడిమాడు. వేలికి డీజిల్ తడి అంటింది.

"దొరికింది బాబాయ్! పైపు క్లిప్పు వదులుగా ఉంది. ఇంజన్ నడిచేటప్పుడు ఇక్కడి నుంచి గాలి పీలుస్తంది. ఇంక ప్రెషర్ ఏముంటది?"

"గతుకులకి ఊడిందా?"

"గతుకులకి ఇంత వదులవదు. ఎవరో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పారు."

లక్ష్మీనారాయణ పళ్లు నూరాడు. "మనవాళ్లలోనే ఎవడో చేశాడ్రా ఇది!"

"మీవాళ్లకేం లాభం బాబాయ్?"

"అదంతా నీకెందుకురా? ముందు బిగించు" అన్నాడు లక్ష్మీనారాయణ.

జబ్బార్ క్లిప్పు బిగించాడు. పికప్ గర్జించింది. లైటు ఆరిపోయింది. లక్ష్మీనారాయణ ఫోన్ తీసి టైము చూసుకున్నాడు, మూడు దాటింది; పాత టైరు మీద కూలబడ్డాడు.

బొల్లాపల్లి నుంచి ఫోన్ మళ్లీ మోగింది. ఆయన ఎత్తలేదు.

"పోనీలేవయ్యా, బండి మొరాయిస్తే నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అంటూ హనుమాయమ్మ మిగిలిన టీ ఆయన చేతికిచ్చింది.

తర్వాత కొంగు సర్దుకుని లేచి, నామినేషన్ వెనక్కి తీసుకునే సంతకానికి గడువు ఎటూ దాటిపోయింది గనక, తనకు ఓటెయ్యమని మొదట జబ్బార్‌నే అడిగింది.