ఒడ్డు పాలు

“నేను పాలు ఎక్కడా మార్చలేదక్కా,” అన్నాడు కిరీటి, బండి మీది క్యాను దించకుండానే.

నాగజ్యోతి చేతిలోని కాగితం అతని ముఖం ముందు ఆడించింది. “మరి ఇదేంటి? బాపట్ల ల్యాబ్ వాళ్లకి మనమీద పగా?”

తెనాలిలో ఆమె చేసే చీజ్‌ని హైదరాబాదు కంపెనీ ఒకటి కొంటుంది. ‘రేపల్లె కాలువగట్టు గేదెల పాలతో’ అని అట్ట మీద అచ్చువేసి మరీ అమ్ముతుంది. ఆ మాట నిజమేనని ఏటా పరీక్ష చేయించి చూపాలి. గేదె మేసిన గడ్డిలోని, తాగిన నీళ్లలోని లవణాలు పాలలోకి దిగి చీజ్‌లోనూ మిగిలిపోతాయి. వాటిని బట్టి పాలు ఏ నేలవో చెప్పేస్తారు. గత రెండేళ్లూ పేచీ లేదు. ఈసారి మాత్రం, పాలు మీ పొలానివి కావు, ఇరవై కిలోమీటర్ల అవతల సముద్రపు ఒడ్డువి అని రాశారు.

“గేదెలు వట్టిపోతే చెప్పొచ్చుగా! ఒడ్డు పల్లెల్లో చవగ్గా పట్టుకొచ్చి కలపడమెందుకు?”

కిరీటి ముఖం కందిపోయింది. “నాన్న పోయాక ఆ పొలమూ గేదెలూ నేనేగా చూస్తోంది. ఏనాడైనా నీకు అబద్ధం చెప్పానా?”

“చెప్పలేదనే అనుకున్నా, నిన్నటిదాకా.”

క్యాను గుమ్మంలో పెట్టి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. మర్నాడు పాలు రాలేదు. ఫోనూ ఎత్తలేదు.

కంపెనీ పది రోజులు గడువిచ్చింది. నాగజ్యోతికి కాలు నిలవలేదు. ఖాళీ గిన్నెలే మళ్లీ మళ్లీ తోమింది. వీధిలో బండి చప్పుడైతే చాలు, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి పరుగెత్తింది. మూడోరోజు ఇక ఉండబట్టలేక మొదటి రైలుకి రేపల్లె వెళ్లింది.

కిరీటి పాలు పితుకుతున్నాడు. తల ఎత్తలేదు.

“నన్ను నమ్మక వచ్చావా?”

“కాగితాన్ని నమ్మక వచ్చా,” అంది. ఆ మాట ఆమెకే అబద్ధంలా వినిపించింది.

ప్రతి గేదె దగ్గరా నిలబడి చూసింది. పాలు తనే సీసాలో పోసి, సీలు వేసి, ఐసులో పెట్టుకుని బాపట్ల బస్సెక్కింది.

నాలుగు రోజులకి, ల్యాబ్‌లో పరీక్షలు చేసే జెన్నిఫర్ ఆమెని బాపట్లకి పిలిపించింది. “అదే ఫలితమండి. ఒడ్డు పాలే.”

“నా కళ్ల ముందు పితికినవమ్మా! మీ మిషనే చెడిపోయి ఉంటుంది.”

“మూడుసార్లు చూశానండి.” ఆ అమ్మాయి కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. “గేదెలు ఏ నీళ్లు తాగుతున్నాయండి?”

“కాలువ మా దాకా పారట్లేదని తమ్ముడు నిరుడు బోరు వేయించాడు. గడ్డికీ అవే.”

“ఒక సీసా నీళ్లు తెప్పిస్తారా?”

ఈసారి కిరీటి ఫోనెత్తాడు. మధ్యాహ్నానికల్లా తనే సీసా పట్టుకొచ్చాడు. జెన్నిఫర్ దాన్ని తీసుకుని లోపలికి వెళ్లింది. అక్కాతమ్ముళ్లు వరండాలో చెరో చివర నిలబడ్డారు. నాగజ్యోతి ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి, అతని పక్కన ఆగింది.

“మొన్న నువ్వు పాలు పితుకుతున్నప్పుడే ఈ మాట చెప్పాల్సింది రా. కాగితం చూసి నిన్ను దొంగని చేశాను.”

“పోనీలే అక్కా. నీ స్థానంలో ఉంటే నేనూ అరిచేవాణ్ణి.”

సాయంత్రం జెన్నిఫర్ బయటికి వచ్చింది. “మీ తమ్ముడుగారి తప్పేం లేదండి. పాలు మీ పొలానివే. అలాగే రాసిస్తాను.”

నాగజ్యోతి బల్ల మీద కూలబడి గట్టిగా నవ్వేసింది. వారం రోజుల్లో అదే మొదటిసారి నవ్వడం. “పద రా, ఏదైనా టిఫిన్ చేసి పోదాం. పొద్దుణ్ణించీ ఏమీ తినలేదు.”

జెన్నిఫర్ మాత్రం నవ్వలేదు.

“మరి మా గేదెల పాలు ఒడ్డు పాలని ఎందుకొచ్చిందండి?” అడిగాడు కిరీటి.

ఆమె బోరు నీళ్ల పరీక్ష కాగితం అతని చేతిలో పెట్టింది. పాలలో తేలిన లవణాలే అందులోనూ ఉన్నాయి.

“మీ గేదెలు సముద్రం దగ్గరికి పోలేదండి.”

కిరీటి అర్థంకాక అక్క వైపు చూశాడు.

“సముద్రమే మీ పొలం కిందికి వచ్చేసింది.”