ఇంకో మూరెడు దూరం

"ఊహూఁ, చాలదు. ఇంకా దూరం నుంచే పసిగట్టాలి," అంది అత్తగారు, చేతిలోని మామగారి చెప్పును వెనక్కి జరుపుతూ.

చెక్క గేటు పక్కన గొంతుక్కూర్చున్న అల్లుడు నిట్టూర్చాడు. చెప్పు మడమలో అతనే దాచిన అయస్కాంతం బిళ్ళ జానెడు దూరంలోకి వస్తే గేటు స్తంభానికి బిగించిన సెన్సర్ దీపం వెలుగుతోంది. జానెడు దాటిందా, ఉలుకూ లేదు పలుకూ లేదు.

"దూరం రెట్టింపైతే దాని బలం ఎనిమిదో వంతుకి పడిపోతుందండీ."

"ఆ లెక్కలు నాకెందుకు? ఆయన గేటుకి ఆ చివర్నుంచి నడిచొస్తేనో?"

ఆవిడకి ఇష్టంలేని ప్రేమపెళ్ళి అతనిది. ఇన్నాళ్ళూ "తీగలబ్బాయి" అనడమే తప్ప, నోరారా "అల్లుడు" అన్న పాపాన పోలేదు. అలాంటి మనిషి నిన్న తనంతట తానే పిలిచి, గొంతు తగ్గించి అడిగింది.

"ఈ ఇంట్లో ఒకరికి షుగరుంది. తీపి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. నోరు కట్టుకుంటేగా! నీ తీగలతో ఏమైనా చెయ్యగలవా?"

అల్లుడి కళ్ళముందు మామగారి బొజ్జ మెదిలింది. మిఠాయి డబ్బా మూతకే సెన్సర్ బిగిస్తానన్నాడు.

"మూత తీశాక మోగి ఏం లాభం? అప్పటికే నోట్లో ఉంటుంది."

"పోనీ, వంటింటి గుమ్మానికి?"

"అదీ ఆలస్యమే. ఆయన వాకింగ్ నుంచి వస్తూ గేట్లో అడుగు పెట్టగానే నాకు తెలియాలి. డబ్బా సర్దెయ్యాలి కదా! గంట మాత్రం వంటింట్లోనే, సన్నగా మోగాలి. అన్నట్టు, అమ్మాయికి చెప్పకు. ఇల్లు పీకి పందిరేస్తుంది."

మళ్ళీ ఇలాంటి అవకాశం వస్తుందా? అల్లుడు పట్టు వదల్లేదు. మడమలో ఒకటికి మూడు బిళ్ళలు పేర్చాడు. సెన్సర్‌కి అటూ ఇటూ మెత్తటి ఇనప కడ్డీ ముక్కలు ఆనించి, చెదిరిపోయే బలాన్ని దానిమీదికే మళ్ళించాడు. అందిన కాస్త సంకేతాన్నీ పెంచడానికి ఒక ఆంప్లిఫయర్ కలిపాడు.

అత్తగారు చెప్పు పట్టుకుని గేటు ఆ చివరికి వెళ్ళింది. దీపం వెలిగింది. వంటింట్లో గంట సన్నగా మోగింది.

"మా అల్లుడు బంగారం!" అంది ఆవిడ, పక్కింటావిడకి వినపడేలా.

అతని కాళ్ళు నేలమీద నిలవలేదు.

వారం తిరక్కముందే మామగారు వాకింగ్‌కి తోడు రమ్మన్నారు.

"మీ అత్తయ్య నిన్ను తెగ పొగుడుతోందోయ్. ఏం మాయ చేశావేంటి?"

"అబ్బే, ఏం లేదండీ," అని నసిగాడు అల్లుడు.

"మనిషే మారిపోయింది. ఎప్పుడు ఇంటికొచ్చినా హాల్లో కూర్చుని, బుద్ధిగా పేపరు చదువుతోంది."

అమాయకంగా టపటపా నడుస్తున్న ఆయన చెప్పుల్ని చూస్తే అల్లుడికి జాలేసింది. ఉండబట్టలేకపోయాడు.

"మామయ్యగారూ, తప్పుగా అనుకోకండి. మీ మంచికే చెబుతున్నా. ఆ మిఠాయి మానెయ్యండి."

మామగారు ఠక్కున ఆగిపోయారు.

"నేనా? నేనెందుకు మానాలోయ్? అవి నేను తెచ్చుకునేవేగా!"

"మరి... డాక్టరు వద్దన్నారట కదండీ?"

"వద్దన్నది మీ అత్తయ్యని."